ఇంటి కూరకు ఎండ్రకాయలు పట్టడం: ఎక్కడ పట్టాలి, ఏవి వదలాలి, ఎట్లా వండాలి

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎండ్రకాయ అంటే మంచినీటి పీతే. వరి కయ్యల (మడుల) గెనిమల్లో (గట్లలో), కాలవ గట్ల పక్కన, చెరువు మరవ (నిండిన నీరు పొర్లిపోయే చోటు) కింద, వంకల్లో రాళ్ళ చాటున ఉంటుంది. తొలకరి పడగానే టార్చిలైటు తీసుకుని బయల్దేరేవాళ్ళు ఈ మూడు జిల్లాల్లో ఏ ఊళ్ళో చూసినా కనిపిస్తారు. 2022లో ఇవి విడిపోయి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి. నేను పాత జిల్లాల లెక్కనే చెబుతున్నాను, నీళ్ళు పారే దారులు మారలేదు కాబట్టి. ఇది ఇంటి పొయ్యి మీదకి ఒక పూట కూరకు పట్టుకునేవాళ్ళ కోసం రాసింది. బస్తాలకెత్తి సంతలో అమ్మేవాళ్ళకు పనికిరాదు, వాళ్ళకు పనికిరావాలని నా ఉద్దేశమూ కాదు. ఎందుకో కింద చెబుతాను.

అన్నిటికంటే ముందు: ఇది ఎట్లా పుడుతుంది

సముద్రపు పీత ఒక్కో ఈతలో లక్షల గుడ్లు పెడుతుంది. అవి పొదిగాక పిల్లలు కంటికి కనపడనంత చిన్న పురుగుల్లా నీళ్ళలో తేలుతూ ఎక్కడెక్కడికో కొట్టుకుపోతాయి. ఒకచోట వేట ఎక్కువైనా ఇంకోచోట నుంచి వచ్చి చేరేవి ఉంటాయి.

మన ఎండ్రకాయకు ఆ వీలు లేదు. దాని గుడ్లు కొద్ది, వందల్లోనే లెక్క. పెరగాల్సిందంతా గుడ్డులోనే పెరిగి, కాళ్ళూ డొప్పా అన్నీ వచ్చిన బుల్లి ఎండ్రకాయగా బయటికి వస్తుంది. గుడ్లనూ, ఆ తర్వాత కొన్నాళ్ళు పిల్లలనూ తల్లి తన కడుపు మడత కిందే పెట్టుకుని మోస్తుంది. పిల్లలు దిగేది కూడా ఆ వంకలోనో ఆ కయ్యలోనో, తల్లి ఉన్నచోటే. కాబట్టి ఒక కాలవ పొడుగునా తల్లులను ఏరేస్తే, ఆ కాలవకు మళ్ళీ ఎండ్రకాయలు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఒక్క తల్లిని గోతంలో వేయడమంటే దాని కడుపు కిందున్న మొత్తం సంతానాన్ని వేయడమే. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉన్నాయి.

చోటు చూసుకోవడం, అడగడం

వరి కయ్య అయితే రైతును అడగండి. చాలామంది వద్దనరు, సంతోషంగా పట్టుకోమంటారు. ఎండ్రకాయ గెనిమకు బొక్కలు పెడితే నీరు పక్క కయ్యలోకి జారిపోతుంది, లేత నారును కొరుకుతుంది కూడా. అయినా చెప్పకుండా దిగొద్దు. మీరు అడగాల్సింది ముఖ్యంగా ఒక మాట: "గుళికలు చల్లినారా? మందు కొట్టినారా?" పురుగుమందు పడ్డ కయ్యలో ఎండ్రకాయను ముట్టొద్దు. ఎంతసేపు ఉడికించినా ఆ విషం పోదు. ఆ పంట కోత అయ్యేదాకా ఆ కయ్య జోలికి పోకపోవడమే నా పద్ధతి. రైతు ఇంట్లో లేకపోతే నీళ్ళను చూడండి. కప్పలు, చిన్న చేపలు చచ్చి తేలుతుంటే, పట్టపగలు ఎండ్రకాయ గట్టు మీద మత్తుగా, మనిషి దగ్గరికొచ్చినా పారిపోకుండా కూర్చుని ఉంటే, అది సులువుగా దొరికిందని సంబరపడొద్దు. వెనక్కి తిరిగి వచ్చేయండి.

చెరువు సంగతి వేరు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానిదో వేలంపాట పాడుకున్నవాళ్ళదో అయి ఉంటుంది. వల వేసినా, బుట్ట పెట్టినా వాళ్ళ అనుమతి కావాలి. మరవ కింద పారే నీళ్ళలో చేత్తో నాలుగు పట్టుకుంటే ఎవరూ ఏమనరు కానీ, ముందుగా ఒక మాట చెబితే గొడవ ఉండదు. పెద్ద జలాశయాల్లో మత్స్యశాఖ లైసెన్సులు ఉంటాయి, వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపుతారు. ఆ సంవత్సరం తేదీలు మత్స్యశాఖ ఆఫీసులోనో ఊరి సచివాలయంలోనో కనుక్కోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం అని వార్తల్లో చదివేది తూర్పు తీరపు సముద్ర వేటకు సంబంధించింది. మన కాలవలకు, వంకలకు దాంతో సంబంధం లేదు.

చెరువు కట్టను, కాలవ గట్టును పారతోనో గడ్డపారతోనో తవ్వొద్దు. ఇందులో రెండో మాట లేదు. ఎండ్రకాయ పెట్టిన బొక్కే కట్టకు చేటు, దాన్ని మనం పెద్దది చేస్తే వానలకు అక్కడే గండి పడుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి విజయనగర కాలపు శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కట్టలోంచి నీరు కారడం ఆ దోషాల్లో ఒకటి. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. సుంకేసుల నుంచి కడప దాకా వచ్చే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ కూడా పందొమ్మిదో శతాబ్దంలో తవ్విందే. పదిమంది పైర్లు తడిపే కట్టను ఒక పూట కూర కోసం తవ్వే హక్కు ఎవరికీ లేదు. వేసవిలో కాలవ కట్టేశాక ఎండ్రకాయలు తేమ వెతుక్కుంటూ బొక్కల్లో లోతుగా దిగిపోయి, వానల కోసం కాచుకుని ఉంటాయి. ఆ రోజుల్లో వాటిని అట్లాగే వదిలేయాలి.

అడవి సంగతి చట్టమే తేల్చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టకూడదు. నల్లమలలో పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం, రోళ్ళపాడు, కడప దగ్గర లంకమల, ఇవన్నీ అందులోకి వస్తాయి. లంకమల పక్కనే 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్ళీ కనబడింది, అంతకుముందు అది అంతరించిపోయిందనే అనుకున్నారు. అక్కడి వంకల్లో ఎండ్రకాయ చిన్నదే కావచ్చు, కానీ దాని మీద బతికే పక్షులూ జంతువులూ ఉన్నాయి. అడవి హద్దు తెలియకపోతే అటవీశాఖ బీటు ఆఫీసరును అడగండి.

ఇంకొకటి. కర్నూలు ఊరు దాటేచోట హంద్రీలో, కడప ఊళ్ళో బుగ్గవంకలో మురుగు కలుస్తుంది. ఊరి మురుగు చేరే ఏ నీళ్ళలోనూ పట్టొద్దు.

ఏ పూట, ఏ సామాను

ఎండ్రకాయ రాత్రిపూట తిరిగే జీవి. పొద్దుగూకాక రెండు మూడు గంటలు, లేదా వాన వెలిసిన సాయంత్రం బాగా దొరుకుతాయి. పగలు రాళ్ళ కింద, బొక్కల్లో ఉంటాయి.

తీసుకుపోవాల్సినవి ఎక్కువేం కావు: టార్చిలైటు, పొడుగు కర్ర, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, తడిపిన గోతం, ఒక చిక్కం లేదా పాత జల్లెడ, దారం, ఎర. ఎరకు కోడి పేగులు గానీ ఎండుచేప తునక గానీ చాలు, వాసన రావడమే కావాలి. ఒంటరిగా పోవద్దు. సిమెంటు వేసిన కాలవల్లో గోడలు పాచి పట్టి జారుతాయి, పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నీళ్ళు వదిలిన రోజుల్లో తుంగభద్ర ఎగువ కాలవ (హెచ్.ఎల్.సి.), దిగువ కాలవ (ఎల్.ఎల్.సి.), హంద్రీ-నీవా లాంటి పెద్ద కాలవల్లో అసలు దిగొద్దు. వాటి నుంచి చీలే పిల్లకాలవలు, మోకాలి లోతు దాటని వంకలు చాలు. కయ్యల్లో అయితే మోటారు వైర్లు ఎక్కడున్నాయో రైతు చేత చూపించుకుని దిగండి. తడి గెనిమ మీద తెగిన వైరు రాత్రిపూట కనపడదు.

పట్టడం

బొక్కలో చెయ్యి పెట్టి పట్టడం గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. దయచేసి చేయకండి. ఎండ్రకాయ వదిలిపోయిన బొక్కల్లో పాములు చేరతాయి. నీరుకట్టె అయితే విషం లేదు, కానీ ఎలుకల కోసం, కప్పల కోసం కయ్యల్లో తిరిగే నాగుపాము, రక్తపింజర, కట్లపాము కూడా అదే బొక్కలో చల్లగా పడుకోవచ్చు. చీకట్లో చేతికి తగిలింది ఏదో చెప్పలేం. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఇవేవీ వద్దు. చెయ్యి కదలకుండా ఉంచి, 108 పిలిచి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి.

బొక్కను చూసి లోపల ఎండ్రకాయ ఉందో లేదో చాలావరకు చెప్పొచ్చు. ఉన్న బొక్క అంచున తడి మట్టి ఉండలు తాజాగా ఉంటాయి, బురదలో కాళ్ళ గీతలు పక్కకు పోయి ఉంటాయి. అంచు ఎండి నున్నగా ఉన్నా, సాలెగూడు కట్టి ఉన్నా ఎండ్రకాయ అక్కడ లేదు. ఉన్న బొక్క దగ్గర తవ్వకుండా పట్టాలంటే ఎరే దారి. దారం చివర ఎర కట్టి, కొక్కెం లేకుండా, బొక్క నోటి దగ్గర నీళ్ళలో వదలండి. ఎండ్రకాయ వచ్చి పట్టుకున్నాక దారం బరువెక్కుతుంది. అప్పుడు ఒక్కసారిగా లాగితే వదిలేస్తుంది. నిమ్మళంగా, అది ఎర వెంటే నడిచొచ్చేటట్టు జరుపుకుంటూ రండి. నీళ్ళ పైకి రాగానే ఎర వదిలే అలవాటు దానిది, కాబట్టి నీళ్ళలో ఉండగానే కింద చిక్కం పెట్టి, రెండూ కలిపి ఎత్తాలి. పిల్లలకు మొదట నేర్పాల్సింది ఈ పద్ధతే. వేలు కరిపించుకునే భయం లేదు, ఎండ్రకాయకూ దెబ్బ తగలదు.

రాత్రి టార్చి వేసి లోతు లేని నీళ్ళలో పట్టేటప్పుడు వెలుగు మీద పడగానే అది ఒక్క క్షణం ఆగుతుంది. కర్రతో డొప్ప మీద మెల్లగా అదిమి, వెనక వైపు నుంచి బొటనవేలు, చూపుడువేలుతో డొప్ప రెండు అంచులూ పట్టండి. అట్లా పడితే డెక్కలు (ముందుండే పెద్ద కొండీలు) వెనక్కి తిరిగి వేళ్ళను అందుకోలేవు. ఒకవేళ కరిస్తే చెయ్యి విదిలించొద్దు, విదిలిస్తే ఇంకా బిగిస్తుంది. చెయ్యి నీళ్ళలో ముంచి ఉంచండి, అదే వదిలిపోతుంది. తర్వాత సబ్బుతో కడిగి, గాయం లోతుగా ఉంటే టీటీ ఇంజెక్షను వేయించుకోండి.

కాలు పట్టి లాగితే ఆ కాలు ఊడదీసుకుని పారిపోతుంది. మళ్ళీ మొలుస్తుంది నిజమే, కానీ కుబుసం విడిచే కొద్దీ కొంచెం కొంచెంగానే. డెక్కలు మాత్రం విరుచుకుని ఎండ్రకాయను వదిలేసేవాళ్ళు కొందరు ఉన్నారు, వాటిని చంపలేదు కదా అంటారు. డెక్కలు లేని ఎండ్రకాయ తిండి దొరకబుచ్చుకోలేదు, కొంగ వస్తే తప్పించుకోలేదు. అది దయ కాదు.

నీళ్ళలో మందు కలపడం, తూటాలు పేల్చడం 1897 మత్స్య చట్టం నాటి నుంచే నేరం. ఆ చట్టంలో చేపలతో పాటు పెంకు ఉన్న జీవులనూ చేర్చారు కాబట్టి ఎండ్రకాయలకూ వర్తిస్తుంది. బ్యాటరీ పెట్టి కరెంటు వదిలే పద్ధతి ఇప్పుడు కొన్నిచోట్ల కనిపిస్తోంది. అందులో నీళ్ళలో ఉన్నదంతా చస్తుంది, ఒక్కోసారి దిగిన మనిషి కూడా.

గోతంలో వేసే ముందు తిప్పి చూడాలి

ఈ రాసిందంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. పట్టిన ప్రతి ఎండ్రకాయనూ, అక్కడే, నీళ్ళ పక్కనే, వెల్లకిలా తిప్పి టార్చి వేసి చూడాలి. ఇంటికొచ్చి చూస్తే లాభం లేదు.

కడుపు మీద ఒక మడత వెనక నుంచి ముందుకు ముడుచుకుని ఉంటుంది. సన్నగా, కొస తేలి ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా, కడుపంతా మూసి ఉంటే ఆడది. ఆడదైతే ఆ మడత కడుపుకు అతుక్కుని ఉందా, పైకి ఉబ్బి ఉందా చూడండి. ఉబ్బి ఉంటే కింద ఏదో ఉన్నట్టే. పక్క నుంచి తొంగి చూస్తే పసుపో నారింజో రంగులో గుడ్ల గుత్తి కనబడుతుంది, లేదా కాళ్ళు కదిలిస్తూ బుల్లి పిల్లలు. మడతను గోరుతో ఎత్తి చూడొద్దు, పిల్లలు రాలిపోతాయి. అవి రాలితే తల్లి వాటిని తిరిగి ఏరుకోలేదు. పక్క నుంచి చూస్తే సరిపోతుంది. తల్లిని పట్టినచోటే, నీళ్ళ అంచున, చేత్తో దించి వదలండి. పై నుంచి విసరొద్దు.

ఏ నెలలో తల్లులు ఉంటాయి, ఏ నెలలో ఉండవు అని నన్ను అడుగుతుంటారు. నెల చూసి కళ్ళు మూసుకోవడం కంటే, ఏ నెలైనా తిప్పి చూడడమే మంచిది. వాన ముందొచ్చిన ఏడు ఒక రకం, కాలవకు ఆలస్యంగా నీళ్ళొచ్చిన ఏడు ఇంకో రకం.

చిన్నవి కూడా వదలాలి. డొప్ప అడ్డం కొలత రెండు వేళ్ళ వెడల్పు లేకపోతే వెనక్కి వేయడం మా ఇంటి కొలత. ఇది సర్కారు పెట్టిన నియమం కాదు, పిల్లది ఒక్కసారైనా ఈనేదాకా బతకాలని పెట్టుకున్నది. అట్లాంటిదాంట్లో కండ కూడా ఏమీ ఉండదు. పట్టుకుంటే డొప్ప మెత్తగా, వేలు నొక్కితే లోపలికి పోయేటట్టు ఉంటే అది కొత్తగా కుబుసం విడిచింది. దాన్నీ వదలండి, లోపలంతా నీరే.

గుడ్లు లేని ఆడవాటిని తీసుకోవచ్చు, కానీ నేను మగవాటికే ముందు చెయ్యి చాస్తాను. ఎన్ని అంటే, మనిషికి నాలుగైదు. ఒక్కోటి చిన్నదే కాబట్టి నలుగురున్న ఇంటికి ఇరవై లోపు సరిపోతాయి. ఒకేచోట రెండో రోజు కూడా పోవద్దు. ఈ వారం ఈ వంక, వచ్చేసారి ఇంకో పిల్లకాలవ. పది నిమిషాలు తిరిగినా నాలుగే కనబడ్డాయంటే ఆ చోటు అలిసిపోయింది, ఆ ఏడాదికి దాన్ని వదిలేయండి.

ఇంటికి తేవడం

బక్కెట్టు నిండా నీళ్ళు పోసి అందులో ఎండ్రకాయలు వేసి తెచ్చేవాళ్ళు ఎక్కువ. ఆ నీళ్ళలో గాలి అయిపోయి ఇల్లు చేరేలోపే సగం చస్తాయి. మొప్పలు తడిగా ఉంటే అవి బయటి గాలితోనే బతకగలవు. తడి గోతంలో కొంచెం గడ్డి వేసి, మూతి వదులుగా కట్టి, నీడన పెడితే మర్నాటి ఉదయం దాకా ఉంటాయి. వండేలోపు చచ్చినదాన్ని తీసి పారేయాలి, ఎంత పెద్దదైనా సరే. ఎండ్రకాయ చచ్చిన వెంటనే చెడిపోవడం మొదలవుతుంది.

శుభ్రం చేయడం, వండడం

ముందు ఐసు నీళ్ళలోనో ఫ్రిజ్‌లోనో అరగంట ఉంచితే కదలకుండా మొద్దుబారతాయి. బతికున్నదాని కాళ్ళు విరవడం కంటే ఇది మేలు. తర్వాత బ్రష్షుతో బురద పోయేదాకా రుద్ది కడగండి. కడుపు మడత తీసి, అదే చోట వేలు పెట్టి పైడొప్ప ఎత్తితే విడిపోతుంది. రెండు పక్కలా బూడిద రంగులో ఈకల్లా ఉండేవి మొప్పలు, వాటిని పూర్తిగా తీసేయాలి. మధ్యలో ముందు వైపు ఉండే చిన్న సంచి, అంటే దాని కడుపు, అది కూడా పారేయాలి. డొప్పకు అంటుకున్న పసుపు పదార్థం రుచిగా ఉంటుంది కానీ, విషాలు చేరేది కూడా అక్కడే. నీళ్ళ మీద నమ్మకం ఉన్నచోటివైతేనే ఉంచుకోండి.

పచ్చిగా, సగం ఉడికినట్టుగా ఎప్పుడూ తినొద్దు. మంచినీటి ఎండ్రకాయ కండలో ఊపిరితిత్తులకు పట్టే ఒక రకం పురుగు పిల్లలు దాక్కుని ఉండొచ్చు. పచ్చిగా తింటే పేగు దాటి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. నెలల తరబడి దగ్గు, కళ్ళెలో రక్తం వస్తుంది, చూసినవాళ్ళు టీబీ అనుకుంటారు. మణిపూర్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఈ జబ్బు బాగా తెలిసిందే. జలుబుకు, దగ్గుకు ఎండ్రకాయ మంచిదని మన పెద్దవాళ్ళు చెబుతారు. కాగి కాగి ఉన్న వేడి పులుసు తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది, అందులో తప్పు లేదు. పచ్చిది దంచి రసం తీసి పిల్లలకు పట్టడం మాత్రం ప్రమాదం.

కూరకు చిన్న కాళ్ళు వేరుగా రోట్లో దంచి, నీళ్ళు పోసి పిండి, గుడ్డలో వడకట్టండి. ఆ రసమే పులుసుకు ప్రాణం. దంచినది పచ్చిదే కాబట్టి రోలు, రోకలి, గుడ్డ, చేతులు అన్నీ సబ్బుతో, వేడి నీళ్ళతో కడిగాకే ఇంకేదైనా ముట్టాలి. చెనిక్కాయ (వేరుశనగ) నూనెలో ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), కరివేపాకు వేసి, ఎండ్రకాయలు రంగు మారేదాకా వేయించి, పసుపు, కారం, ఉప్పు, ఆ రసం, చింతపండు పులుసు పోయండి. ధనియాలు, వెల్లుల్లి, ఎండుకొబ్బరి నూరిన ముద్ద కలిపి, బాగా తెర్లడం మొదలయ్యాక కనీసం ఇరవై నిమిషాలు ఉడకనివ్వాలి. కర్నూలు వైపు జొన్న రొట్టెతో, అనంతపురం, కడప వైపు రాగి సంగటితో తింటారు. నాకు సంగటే ఇష్టం, పులుసు పీల్చుకుంటుంది.

మొదటిసారి తినే పిల్లలకు ఒక్క ముక్కే పెట్టి చూడండి. రొయ్యలు పడనివాళ్ళకు ఎండ్రకాయ కూడా పడకపోవచ్చు. ఒళ్ళు దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మిగిలిన పులుసు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు బాగా కాచి తినేయండి, అంతకు మించి ఉంచొద్దు. డొప్పలు ఎండబెట్టి దంచి ఎరువు దిబ్బలో వేస్తే మట్టికి సున్నం అందుతుంది. పచ్చివే వేసేటట్టయితే అడుగు లోతున పూడ్చాలి, లేకపోతే కుక్కలు రాత్రికి రాత్రే లాగేస్తాయి.